కొన్నారు కదా, ఇంకా గోలెందుకు?

2025 జూన్ 5న నింటెండో స్విచ్ 2 బజారులోకి వచ్చింది. నాలుగు రోజుల్లో 35 లక్షల యంత్రాలు అమ్ముడుపోయాయనీ, తమ కన్సోళ్లలో ఏదీ ఇంత వేగంగా పోలేదనీ కంపెనీ చాటింది. సెప్టెంబరు నెలాఖరుకు ఆ లెక్క కోటి దాటింది. అప్పటినుంచీ గేమింగ్ గురించి రాసేవాళ్లు, షేర్ల విశ్లేషకులు, ఆఖరికి ఆటలు ఆడేవాళ్లలోనే చాలామంది ఒకే పాట అందుకున్నారు. ఏప్రిల్‌లో ధర విని గగ్గోలు పెట్టినవాళ్లది ఉత్త హడావిడి అని తేలిపోయిందట. జనం జేబులతో ఓటేశారట. ఇక నోళ్లు మూసుకోవచ్చట.

ఆ గగ్గోలు ఎలా పుట్టిందో ముందు చూద్దాం. ఏప్రిల్ 2న నింటెండో గంటసేపు సాగిన వీడియోలో కన్సోల్‌ను అటు తిప్పి ఇటు తిప్పి చూపించింది. ధర మాత్రం అందులో ఎక్కడా చెప్పలేదు. ప్రసారం ముగిశాక జనమే వెబ్‌సైట్లలో వెతుక్కుని తెలుసుకున్నారు: అమెరికాలో కన్సోల్ 449.99 డాలర్లు, మారియో కార్ట్ వరల్డ్ అనే కొత్త ఆట 79.99 డాలర్లు. అంతకుముందు నింటెండో ఆట మామూలుగా 60, మహా అయితే 70. కొన్న యంత్రంలో ఏముందో పరిచయం చేసే వెల్‌కమ్ టూర్ అనే చిన్న ఆటకు కూడా 9.99 పెట్టారు. తర్వాతి రెండు రోజులూ ఆటలు చూపించిన ప్రత్యక్ష ప్రసారాల్లో, పక్కన పరుగెత్తే వ్యాఖ్యల వరుస "ధర తగ్గించండి" అన్న ఒక్క మాటతోనే నిండిపోయింది.

కంపెనీని వెనకేసుకొచ్చేవాళ్ల వాదనను బలం తగ్గించకుండా చెప్పుకుందాం. డబ్బు విలువ పడిపోయింది కాబట్టి ఆటల ధర నిజానికి తగ్గింది. తయారీ ఖర్చులు పెరిగాయి, అమెరికా సుంకాలు మీదపడ్డాయి. ఇది బియ్యం కాదు, మందులు కాదు, ఇష్టం లేనివాళ్లు మానేయొచ్చు. నియమాలు ఏవీ దాచలేదు, పెట్టెమీదే అచ్చువేశారు. అన్నిటికీ మించి, జనం కొన్నారు. ప్రతి ముక్కలోనూ కాస్త నిజముంది. అందుకే ఈ మాట ఇంత సులువుగా చెల్లుబాటవుతోంది. ఒక్కొక్కటే విప్పి చూస్తే కథ వేరు.

1. ద్రవ్యోల్బణం లెక్క

1996లో 60 డాలర్లు పెట్టి కొన్న నింటెండో 64 ఆట నేటి విలువలో 120 డాలర్ల పైచిలుకు. అంటే 80 చవకే కదా అంటారు. కూడిక తప్పు కాదు. పోల్చిన సరుకులే వేరు.

ఆనాటి 60 డాలర్లలో చిప్పుల వాటా చిన్నదేమీ కాదు. కార్ట్రిడ్జ్ లోపల ఉండేది సిలికాన్. దాన్ని నింటెండో చేతే చేయించుకుని, ఓడల్లో తెప్పించుకుని, దుకాణాలకు పంచాలి. అదే రోజుల్లో సోనీ ప్లేస్టేషన్ ఆటలు సీడీల మీద 40, 50 డాలర్లకే దొరికేవి. ఆటలో తేడా లేదు, అచ్చువేసిన వస్తువులో ఉంది. నేడు మారియో కార్ట్ వరల్డ్‌ను డౌన్‌లోడ్ చేసుకునేవాడికి చిప్పూ లేదు, ప్లాస్టిక్ పెట్టే లేదు, దుకాణం కమీషనూ లేదు. అమెరికాలో అతనూ అదే 79.99 కడుతున్నాడు.

బజారు ఎంత పెరిగిందన్నది ఈ లెక్కలో అసలు కనిపించదు. నింటెండో 64 అన్ని ఆటల్లోకీ ఎక్కువ అమ్ముడైన సూపర్ మారియో 64 మొత్తం కోటీ ఇరవై లక్షల దాకా పోయింది. మారియో కార్ట్ 8 డీలక్స్ ఆరు కోట్ల ఎనభై లక్షలు దాటింది. అది కూడా 2014లో వీ యూ అనే పాత కన్సోల్ మీద ఒకసారి అమ్మిన ఆటనే 2017లో మళ్లీ పూర్తి ధరకు అమ్మితే. ఒక్కసారి తయారుచేసి ఆరింతల మందికి అమ్ముకునే సరుకుకు పాత ధరను ద్రవ్యోల్బణంతో హెచ్చవేసి సరిపెట్టడం ఏ అర్థశాస్త్రమో నాకు తెలియదు.

ఇంకో చిక్కు ఉంది. ఈ లెక్కను ఆటకు వర్తింపజేసేవాళ్లు కన్సోల్ దగ్గరికొచ్చేసరికి మౌనం పాటిస్తారు. 2017 మార్చిలో 299.99కి వచ్చిన మొదటి స్విచ్‌ను ద్రవ్యోల్బణంతో పెంచితే 395 దగ్గర ఆగుతుంది. 450కి చేరదు. కొత్త యంత్రం పెద్దది, వేగమైనది, దానికి ఎక్కువ అడగొచ్చు, కాదనను. అయితే అప్పుడు వాదన "డబ్బు విలువ పడిపోయింది" అనేది కాదు, "మేం ఎక్కువ అడుగుతున్నాం" అనేది. ఆ మాట సూటిగా చెబితే కనీసం వాదించుకోవడానికి వీలుంటుంది.

2. సుంకాలూ ఖర్చులూ

తేదీలు చూస్తే చాలు. స్విచ్ 2 ధర బయటపడింది ఏప్రిల్ 2. ట్రంప్ ప్రపంచ దేశాల మీద సుంకాల పట్టిక ఎత్తి చూపింది కూడా ఆ రోజే. ఆ సుంకాలను లెక్కలోకి తీసుకుని ధర పెట్టలేదని అప్పటి అమెరికా నింటెండో అధ్యక్షుడు డగ్ బౌజరే చెప్పాడు. ఆ తర్వాత ముందస్తు బుకింగులు వాయిదా వేసి, తిరిగి తెరిచినప్పుడు సుంకాల పేరుతో పెరిగినవి కంట్రోలర్ల వంటి ఉపకరణాల ధరలు. కన్సోల్ ధర కదల్లేదు. కంపెనీయే చెప్పని సాకును కంపెనీ తరఫున మనం మోయడం దేనికి?

ఖర్చే ధరను నిర్ణయిస్తుందన్న మాటకు అసలు పరీక్ష జపాన్. అక్కడ జపనీస్ భాష మాత్రమే పనిచేసే స్విచ్ 2ను 49,980 యెన్లకు అమ్మారు. ఆనాటి మారకంలో సుమారు 340 డాలర్లు, అదీ పన్నుతో కలిపి. అన్ని భాషలూ పనిచేసే రకం 69,980 యెన్లు. రెంటిలో తెర ఒకటే, చిప్ ఒకటే, బ్యాటరీ ఒకటే. ఇరవై వేల యెన్ల తేడా తెచ్చింది ఒక సాఫ్ట్‌వేర్ తాళం. అమెరికా ధర మీద రాష్ట్రపు పన్ను అదనమని గుర్తుంచుకుంటే దూరం ఇంకా పెరుగుతుంది.

ఇందులో నేరమేమీ లేదు. యెన్ బలహీనంగా ఉంది, సొంతగడ్డ మీద అమ్మకాలు తగ్గకూడదని కంపెనీ అనుకుంది. కాకపోతే దీంతో ఒక సంగతి తేటతెల్లమైంది: ఏ బజారు ఎంత భరిస్తుందో చూసి అంత పెట్టారు. ఏ బజారు ఎంత భరిస్తుందో తేల్చేదాంట్లో కొనేవాడి గొణుగుడు కూడా ఒక భాగమే. బేరానికి కూర్చున్న రెండు పక్షాల్లో ఒకరిని మాత్రం మర్యాద కోసం మాట్లాడొద్దంటే అది బేరం కాదు.

3. ఇష్టం లేకపోతే కొనకండి

ఈ మాటకు ఒక చరిత్ర ఉంది. 2013లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌ను 499 డాలర్లకు ప్రకటించింది. అది ఇరవైనాలుగు గంటలకోసారి ఇంటర్నెట్‌కు తగిలి హాజరు వేయించుకోవాలని, లేకపోతే ఆటలు ఆగిపోతాయని నియమం పెట్టింది. నెట్ లేనివాళ్ల మాటేమిటని అడిగితే, వాళ్లకోసం మా దగ్గర ఎక్స్‌బాక్స్ 360 ఉందిగా అన్న ధోరణిలో అప్పటి ఎక్స్‌బాక్స్ విభాగాధిపతి డాన్ మ్యాట్రిక్ జవాబిచ్చాడు. పన్నెండేళ్ల తర్వాత బౌజర్ గొంతు మృదువుగా ఉంది గానీ సారం అదే: స్విచ్ 2 ధర అందనివాళ్ల కోసం పాత స్విచ్‌లు అందుబాటులో ఉంచాం అన్నాడు. 2025 ఆగస్టు 3న అమెరికాలో ఆ పాత స్విచ్ ధరను 299.99 నుంచి 339.99కి పెంచారు. ఎనిమిదేళ్లు దాటిన యంత్రానికి! పేదవాడికని చూపించిన పక్కదారి మీద కూడా టోల్ గేటు లేచింది.

విలాస వస్తువు గురించి ఫిర్యాదు చేయకూడదన్న సూత్రాన్ని మన సినిమా టికెట్లకు పెట్టి చూడండి. పెద్ద హీరో సినిమాకు మొదటి వారం టికెట్ రేటు పెంచుకోనిచ్చినప్పుడల్లా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జనం అడుగుతారు, కోర్టులకు వెళతారు, ప్రభుత్వాలు జీవోలు ఇస్తాయి, వెనక్కి తీసుకుంటాయి. సినిమా చూడకపోతే చచ్చిపోతామా అని ఎవరూ ఆ చర్చను మూసేయరు. అవసరం లేని సరుకు కొనేవాడు కూడా కొనుగోలుదారే.

పైగా "కొనకండి" అన్నది నిజమైన ఎంపిక కావాలంటే పక్కన ఇంకో దుకాణం ఉండాలి. మారియో, జెల్డా ఇంకెక్కడా దొరకవు. ఎనిమిదేళ్లుగా స్విచ్ మీద కొన్న ఆటలన్నీ వేరే కంపెనీ యంత్రంలో తెరుచుకోవు. పిల్లవాడి స్నేహితులంతా అక్కడే ఆడుతుంటారు. ఇన్ని ముళ్లు వేసి ఉంచి, తలుపు తెరిచే ఉంది వెళ్లొచ్చు అనడం వినడానికే బాగుంటుంది.

4. అమ్మకాలే తీర్పు

ఇదే అందరూ ఎత్తే బ్రహ్మాస్త్రం. నిలబడని అస్త్రం కూడా ఇదే.

మొదటిది, జనం దేనికి ఓటేశారు? మారియో కార్ట్ వరల్డ్‌తో కలిపిన కన్సోల్‌ను నింటెండో 499.99కి అమ్మింది. విడి కన్సోల్ 449.99. తీసివేత చేయండి: ఆ జతలో ఆట ధర 50. కొన్ని నెలలే ఉంచిన ఏర్పాటది. దాన్ని కొన్న ప్రతివాడూ 80 డాలర్ల ధరకు సమ్మతి తెలిపాడని రాసేస్తున్నారు. నిజానికి అతను తప్పించుకున్నది ఆ 80నే.

రెండోది, మొదటి వారం ఎగబడేవాళ్లు ఎవరు? ఎంతైనా ఇస్తామని ఏళ్లుగా కాచుకున్నవాళ్లు. వాళ్లను చూసి మిగతావాళ్ల మనసు చెప్పలేం. 2013 నవంబరులో ఎక్స్‌బాక్స్ వన్ తొలి ఇరవైనాలుగు గంటల్లోనే పది లక్షలకు పైగా పోయింది. ఎక్స్‌బాక్స్ చరిత్రలోనే అతిపెద్ద ఆరంభమని మైక్రోసాఫ్ట్ గొప్పగా చెప్పుకుంది. ఆ తరం ముగిశాక, 2022లో, బ్రెజిల్ పోటీ నియంత్రణ సంస్థకు ఇచ్చిన పత్రాల్లో అదే మైక్రోసాఫ్ట్ తన యంత్రానికి రెట్టింపు కంటే ఎక్కువగా ప్లేస్టేషన్ 4 అమ్ముడైందని రాసింది. ఆరంభపు రికార్డు తీర్పయితే ఈ ముగింపేమిటి?

నింటెండో ఇంటి ఉదాహరణే ఉంది. చేతిలో పట్టుకుని ఆడే 3డీఎస్‌ను 2011 మార్చిలో అమెరికాలో 249.99కి తెచ్చారు. అయిదు నెలలు తిరక్కముందే ఆగస్టులో 169.99కి కోశారు. అధ్యక్షుడు సటోరు ఇవాటా తన జీతం సగానికి తగ్గించుకున్నాడు. ముందే పాత ధరకు కొన్నవాళ్లకు ఇరవై ఆటలు ఉచితంగా ఇచ్చి మన్నించమన్నారు.

స్విచ్ 2కి అలాంటి గతి పట్టదనే నా అంచనా. అమ్మకాలు గట్టిగా ఉన్నాయి, 2025 నవంబరులో కంపెనీ ఏడాది లక్ష్యాన్ని కోటిన్నర నుంచి కోటీ తొంభై లక్షలకు పెంచుకుంది కూడా. అయినా నా మాట మారదు. బాగా అమ్ముడైందంటే బాగా అమ్ముడైందని అర్థం. ఆటను మెచ్చి, ఒప్పందాన్ని అసహ్యించుకుని, రెంటినీ కలిపే అమ్ముతున్నారు కాబట్టి కొన్నవాడు ఉంటాడు. రసీదు మీద అతని అసమ్మతి నమోదయ్యే గడి ఎక్కడుంది? అందుకే దాన్ని గొంతుతో చెప్పాల్సి వస్తోంది.

5. అన్నీ పెట్టెమీదే రాశారు

ధర గురించి ఇంతసేపు మాట్లాడాను గానీ, నాకు అసలు అభ్యంతరం ధరతో కాదు. ధర పెరుగుతున్నప్పుడే చేతికొచ్చేది తరిగిపోతుండటంతో.

స్విచ్ 2 ఆటల పెట్టెలు కొన్నిటికి ముఖం కింది భాగంలో తెల్లటి పట్టీ ఉంటుంది. దానిమీద తాళంచెవి బొమ్మ, ఇది గేమ్-కీ కార్డ్ అన్న హెచ్చరిక, ఇంటర్నెట్‌తో డౌన్‌లోడ్ చేసుకోవాలని, ఇంత ఖాళీ జాగా కావాలని చిన్న అక్షరాలు. పెట్టె తెరిస్తే మామూలు ఎర్ర కార్డే ఉంటుంది. అందులో ఆట ఉండదు. కన్సోల్‌లో పెట్టగానే సర్వర్ నుంచి ఆట మొత్తం దింపుకోమంటుంది. సరే దింపాం, ఇక కార్డుతో పనిలేదా? ఉంది. ఆడాలన్న ప్రతిసారీ దాన్ని యంత్రంలో దూర్చాల్సిందే. డౌన్‌లోడ్‌లో ఉండే ఇబ్బందులన్నీ ఉన్నాయి, కార్ట్రిడ్జ్‌లో ఉండే ఇబ్బందులూ ఉన్నాయి. రెంటి సుఖమూ లేదు. స్ట్రీట్ ఫైటర్ 6 ఇలాగే వచ్చింది.

న్యాయంగా చెప్పాలంటే ఈ కార్డును తిరిగి అమ్ముకోవచ్చు, అరువివ్వొచ్చు. మారియో కార్ట్ వరల్డ్ పూర్తిగా కార్డులోనే వచ్చింది. బయటి కంపెనీలు కావాలనే ఈ చవక దారి ఎంచుకుంటున్నాయి. పెద్ద ఆట కార్డులో పట్టదు కదా అనేవాళ్లకు సైబర్‌పంక్ 2077 జవాబు: అంత భారీ ఆటను 64 జీబీ కార్డులో పూర్తిగా ఇచ్చారు. పట్టక కాదు, పెద్ద కార్డుకు డబ్బు పెట్టడం ఇష్టం లేక.

జపాన్ జాతీయ పార్లమెంటు గ్రంథాలయం 2000 నుంచి వీడియో గేమ్‌లను కూడా పుస్తకాల్లాగే సేకరించి భద్రపరుస్తోంది. ఈ కీ కార్డుల సంగతేమిటని ఒక పత్రిక అడిగితే, కార్డులో ఆట లేదు కాబట్టి ఇవి మా సేకరణ పరిధిలోకి రావని జవాబిచ్చింది. నింటెండో పుట్టిన దేశపు గ్రంథాలయమే అటక మీద పెట్టడానికి పనికిరాదన్న వస్తువది.

పెట్టెమీద రాశారు, నిజమే. రాయనిది ఒకటుంది: ఆ సర్వర్ ఎన్నేళ్లు నడుస్తుంది? పాత వీ కన్సోల్ ఆన్‌లైన్ దుకాణం వీ షాప్‌ను 2019 జనవరిలో మూశారు. 3డీఎస్, వీ యూ దుకాణాల్లో కొత్త కొనుగోళ్లు 2023 మార్చి 27తో ఆగిపోయాయి. వేరే కంపెనీ కథ ఇంకా చేదు. యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ద క్రూ అనే కార్ల ఆట సర్వర్లు ఆపేసింది, డబ్బు కట్టి కొన్నవాళ్లు ఒంటరిగా కూడా ఆడలేకపోయారు. 1996 నాటి కార్ట్రిడ్జ్ ఎవరి అనుమతీ అడక్కుండా ఈరోజుకీ నడుస్తుంది. ద్రవ్యోల్బణం పట్టిక వేసేవాళ్లు ఈ తేడాను ఏ గడిలో రాస్తారో చెప్పాలి.

ఇక ఒప్పందం. 2025 మేలో అమెరికా వినియోగదారుల ఒప్పందాన్ని నింటెండో సవరించింది. నిబంధనలు మీరితే ఖాతాను మాత్రమే కాదు, యంత్రాన్నే పూర్తిగానో కొంతమేరకో శాశ్వతంగా పనికిరాకుండా చేసే హక్కు తనకుందని రాసుకుంది. దొంగ కాపీలు ఆడేవాళ్ల కోసమే కదా, నిజాయతీపరులకు భయమెందుకు అంటారు. ఫిర్యాదీ, న్యాయమూర్తి, శిక్ష అమలుచేసేవాడు ముగ్గురూ ఒకే కంపెనీ అయినప్పుడు భయపడాల్సింది నిజాయతీపరుడే. నిషేధం యంత్రానికి అంటుకుని ఉంటుంది కాబట్టి, దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాడు ఎవరో చేసిన తప్పుకు శిక్ష మోస్తాడు.

మన దగ్గర ఈ దెబ్బ ఇంకాస్త గట్టిగా తగులుతుంది. భారత్‌లో నింటెండో అధికారికంగా అమ్మదు. హైదరాబాద్‌లో స్విచ్ 2 కనిపిస్తే అది డాలస్ నుంచో దుబాయ్ నుంచో బంధువులు పట్టుకొచ్చినది, లేదా దిగుమతి సరుకు పెట్టే దుకాణంలో అదనంగా సమర్పించుకుని కొన్నది. ఇక్కడ వారంటీ అడిగితే దిక్కులేదు. దూరం నుంచి యంత్రాన్ని స్తంభింపజేస్తే మొర వినేవాడూ లేడు. ప్లేస్టేషన్ 5 సొంత ఆటలు ఇక్కడ 4,999 రూపాయలకు వచ్చాయి. మధ్యతరగతి ఇంట్లో ఆ డబ్బు పెట్టారంటే డిస్కు మీద భరోసాతోనే: ఆడాక అమ్మేసి మరోటి తెచ్చుకోవచ్చని, ఇద్దరు స్నేహితులు చెరొకటి కొని మార్చుకోవచ్చని. అదే సోనీ 699.99 డాలర్లకు తెచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రోలో డిస్క్ డ్రైవ్ లేదు, విడిగా కొనుక్కోవాలి. డ్రైవ్ కొననివాడికి ఆటకు పెట్టిన డబ్బులో తిరిగొచ్చేది సున్నా.

6. అరిచి సాధించేదేముంది?

2013 జూన్ 10న ఎక్స్‌బాక్స్ వన్ ధర ప్రకటించారు. అదే రోజు సోనీ 399 డాలర్ల ప్లేస్టేషన్ 4ను చూపించి, వాడిన డిస్కుల మీద ఆంక్షలు లేవని వేదిక మీదే చెప్పింది. ఆటను స్నేహితుడితో ఎలా పంచుకోవాలో చూపే వీడియో ఒకటి విడుదల చేసింది. అందులో ఒకతను పెట్టె ఇంకొకతని చేతికిస్తాడు, అతను తీసుకుంటాడు, అంతే. అర నిమిషం కూడా లేదు. సరిగ్గా తొమ్మిది రోజుల తర్వాత, జూన్ 19న, మైక్రోసాఫ్ట్ ఇరవైనాలుగు గంటల హాజరునూ, వాడిన డిస్కుల మీద తాను పెట్టిన ఆంక్షలనూ ఎత్తేసింది. అప్పటికి ఒక్క యంత్రం కూడా దుకాణాలకు రాలేదు. అమ్మకాల లెక్కలు లేవు, జేబులతో వేసిన ఓట్లు లేవు. గోల ఒక్కటే ఉంది.

2025లో మైక్రోసాఫ్ట్ ద అవుటర్ వరల్డ్స్ 2కు 80 డాలర్లు ప్రకటించి, జూలైలో 70కి దిగింది. అడగందే అమ్మయినా పెట్టదన్న మాట బోర్డు రూముల్లోనూ పనిచేస్తుంది. యూరప్‌లో ఆటలను చంపొద్దంటూ సాగిన పౌరుల విజ్ఞాపన మీద అదే జూలైలో సంతకాలు పది లక్షలు దాటాయి. డిజిటల్ సరుకును అమ్ముతున్నది లైసెన్స్ మాత్రమే అయితే ఆ సంగతి కొనేముందే చెప్పి తీరాలని కాలిఫోర్నియా చట్టం 2025 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చింది. ఇవన్నీ "అరిచి ఏం లాభం" అనుకోనివాళ్ల పని.

కాబట్టి గొంతు తగ్గించాల్సిన పనిలేదు. అడిగేది ఇంకాస్త గురిగా అడగాలి. ప్రతి కీ కార్డు పెట్టె మీద డౌన్‌లోడ్ కనీసం ఏ సంవత్సరం దాకా దొరుకుతుందో తేదీ వేయాలి. సర్వర్ మూసేముందు ఆటను సర్వర్ అక్కర్లేకుండా నడిచే రూపంలో ఇవ్వాలి. యంత్రాన్ని చంపే హక్కు ఒప్పందంలోంచి తీసేయాలి, ఖాతా నిషేధానికి బయటివాళ్లు వినే అప్పీలు ఉండాలి. డిజిటల్ కాపీ ధర పెట్టెలో వచ్చే కాపీ కంటే తక్కువ ఉండాలి. యూరప్‌లో మారియో కార్ట్ వరల్డ్ డిజిటల్‌గా 79.99 యూరోలు, పెట్టెలో 89.99. జపాన్‌లోనూ వెయ్యి యెన్ల తేడా పెట్టారు. అక్కడ కుదిరింది అమెరికాలో కుదరదని ఎవరూ చెప్పలేరు.

ఇక్కడివాళ్ల చేతిలోనూ ఒక పనిముట్టు ఉంది. మన 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం అన్యాయమైన ఒప్పందం అంటే ఏమిటో నిర్వచించింది. సరైన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని తెంచుకునే హక్కు రాసుకోవడం కూడా అందులో చేరుతుంది. అలాంటి ఫిర్యాదులు వినే అధికారం రాష్ట్ర కమిషన్లకు ఉంది. సోనీ, మైక్రోసాఫ్ట్ ఇక్కడ అధికారికంగా అమ్ముతున్నాయి, ఇక్కడే రసీదులు ఇస్తున్నాయి. ఆ రసీదునూ, లైసెన్స్ ఒప్పందాన్నీ పక్కపక్కన పెట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కమిషన్ ముందు ఒక్కరు దరఖాస్తు వేస్తే, అరుపులకు ఇవ్వని జవాబు కంపెనీ వకీలు రాతపూర్వకంగా ఇవ్వాల్సి వస్తుంది.